మైగ్రేన్‌కి ఏ వైద్యం ఎవరికి: ముందు రోజుల లెక్క, తర్వాతే మందు

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఏ రైతు పేరున ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి వచ్చాయో, ఎన్ని బయటికి వెళ్ళాయో ఒక్కటి తేడా రాకుండా రాస్తాను. అలాంటిదాన్ని పదకొండేళ్ళపాటు నా తలనొప్పి లెక్క మాత్రం ఎక్కడా రాయలేదు. మొదటిసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన, "నెలలో ఎన్ని రోజులు వస్తుందమ్మా?" అని అడిగారు. "రెండు మూడుసార్లు వస్తుందండీ" అన్నాను. "మాత్రలు ఎన్ని వాడతారు?" అన్నారు. "నెలకి రెండు స్ట్రిప్పులు అయిపోతాయండీ" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "రెండు మూడుసార్లకి ఇరవై మాత్రలు ఎందుకు పట్టాయమ్మా? ఒక నెల రాసుకుని రండి" అని పంపించారు.

రాసుకుంటే పదిహేడు రోజులు తేలాయి. అందులో పదిహేను రోజులు మాత్ర పడింది. మంచం పట్టిన రోజులే నాకు గుర్తున్నాయి. మాత్ర వేసుకుని పనికి పోయిన రోజుల్ని నేను తలనొప్పి కిందే వేసుకోలేదు.

ఏ మాత్ర మంచిది, ఇంజెక్షన్ వేయించుకోవాలా, ఆయుర్వేదం వాడాలా అని మా ఆఫీసులో, బంధువుల్లో ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఇదే: నెలలో ఎన్ని రోజులు? నాలుగు రోజుల మనిషికి సరిపోయే వైద్యం పదిహేడు రోజుల మనిషికి హాని చేస్తుంది. నేను డాక్టర్ని కాను. మోతాదులు, మీ ఒంటికి ఏది పడుతుందన్నది డాక్టరే చెప్పాలి. కానీ ఆ గదిలోకి వెళ్ళేముందు ఏయే దారులు ఉన్నాయో, ఏది ఎవరికో తెలిసి ఉంటే ఆ పది నిమిషాలు వృథా పోవు.

అసలు ఇది మైగ్రేనేనా

మన ఇళ్ళల్లో దీనికి ఉన్నన్ని పేర్లు ఇంకో జబ్బుకి లేవేమో. పార్శ్వపు నొప్పి, ఒంటి తలనొప్పి, పైత్యం, గ్యాస్ పైకి తన్నింది, సైనస్, కళ్ళజోడు నంబరు మారింది. నేను వీటన్నిటికీ ఖర్చు పెట్టాను. రెండుసార్లు జోడు మార్చాను, ఒకసారి ముక్కు డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించాను.

డాక్టర్లు చూసే గుర్తులు ఇవి. మాత్ర పడకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. చాలామందికి ఒకవైపే వస్తుంది, కణత దగ్గర నాడి కొట్టుకున్నట్టు అదురుతుంది. మెట్లెక్కినా వంగినా పెరుగుతుంది. వికారమో వాంతో ఉంటుంది, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేరు. కొందరికి నొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపు గీతలో మిణుకులో కనిపించి, అయిదు నిమిషాల నుంచి గంట లోపల పోతాయి. దాన్ని ఆరా అంటారు. ఆరా ఉంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఆరా ఉన్న మైగ్రేన్‌కి ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు తోడైతే పక్షవాతం ముప్పు పెరుగుతుంది కాబట్టి అవి వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.

సైనస్ సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. తమకు సైనస్ తలనొప్పి అని నమ్ముతున్న 2,991 మందిని అమెరికాలో పరీక్షిస్తే, 88 శాతం మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పి అని 2004లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. మైగ్రేన్ వచ్చినప్పుడు ముక్కు కారడం, కళ్ళ కింద బరువుగా ఉండటం మామూలే. చీమిడి పచ్చగా లేదు, జ్వరం లేదు, వెలుతురు మాత్రం పడటం లేదంటే ముక్కు స్ప్రే మీద ఇంకో వెయ్యి రూపాయలు పెట్టేముందు ఆలోచించండి.

మరి స్కానింగో, డైరీయో? చాలామంది ముందు ఎమ్మారై తీయించుకుని, అందులో ఏమీ లేదంటే "ఏమీ లేదట, టెన్షనే అంట" అని ఇంటికి వచ్చేస్తారు. మైగ్రేన్ స్కాన్‌లో కనిపించే జబ్బు కాదు. గుర్తులు మైగ్రేన్‌వే అయి, డాక్టరు నరాల పరీక్ష చేసి బాగుందంటే సాధారణంగా స్కాన్ అవసరం రాదు. కానీ తల మీద పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో భరించలేని నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగిసినా, చెయ్యో కాలో మాటో పడిపోయినా, ఫిట్స్ వచ్చినా, యాభై దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పి మొదలైనా, గర్భిణికో బాలింతకో కొత్తగా వచ్చినా డైరీ పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ స్కాన్ కావాలి.

నొప్పి లేచినప్పుడు: షాపు మాత్రా, ట్రిప్టానా

మన దగ్గర మొదటి డాక్టరు మందుల షాపే. "అక్కా, ఇది వేసుకోండి, అరగంటలో తగ్గిపోద్ది" అని మా వీధి చివర షాపులో కుర్రాడు ఇచ్చిన మాత్రనే నేను ఏళ్ళ తరబడి వాడాను. అందులో ఎర్గోటమైన్ ఉందని, కాఫీలో ఉండే కెఫీన్ ఉందని, పారాసెటమాల్ ఉందని నాకు తెలియదు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదివిన రోజున తెలిసింది. ఆ కుర్రాడిని తప్పు పట్టను. చీటీ అడగకుండా ఇచ్చే అలవాటూ, చదవకుండా మింగే అలవాటూ రెండూ ఉన్నాయి.

పోల్చి చూస్తే ఇలా ఉంటుంది. పారాసెటమాల్ చవక, కడుపుకి ఇబ్బంది తక్కువ, గర్భంలో డాక్టర్లు ముందు చూసేది దీన్నే. కానీ నడుము వాల్చేసే నొప్పికి చాలామందికి సరిపోదు. నాప్రోక్సెన్, ఇబుప్రొఫెన్ లాంటివి అంతకంటే బలమైనవి. ఒక మోస్తరు నొప్పికి ఇవే మొదటి ఎంపిక. అల్సర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వీటికి దూరంగా ఉండాలి. నాప్రోక్సెన్‌కి డోంపెరిడోన్ కలిపిన మాత్రలు మన దగ్గర ఎక్కువగా రాస్తారు. దానికి కారణం ఉంది. మైగ్రేన్ లేచినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది, వేసుకున్న మాత్ర అక్కడే ఉండిపోతుంది. వికారం తగ్గించి కడుపుని కదిలించే మందు తోడైతే నొప్పి మాత్ర త్వరగా ఒంటబడుతుంది.

ట్రిప్టాన్లు మైగ్రేన్ కోసమే తయారుచేసిన మందులు. మొదటిది సుమాట్రిప్టాన్, 1990ల మొదట్లో వచ్చింది. రిజాట్రిప్టాన్ కూడా మన షాపుల్లో దొరుకుతుంది. మాత్ర ఖరీదు నాప్రోక్సెన్ కంటే బాగా ఎక్కువ, అందుకే చాలామంది వద్దంటారు. నా లెక్క వేరు. నాలుగు మామూలు మాత్రలు మింగి సాయంత్రం దాకా చీకటి గదిలో పడుకునే కంటే, ఒక్క మాత్రతో రెండు గంటల్లో లేచి పనికి పోతే ఏది చవక? ఒక ట్రిప్టాన్‌ని మూడు దాడులకైనా సరిగ్గా వాడి చూడకుండా పనిచేయదని తీసేయొద్దు. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి పనిచేయవచ్చు. మొదట్లోనే వాంతులయ్యేవాళ్ళకి ముక్కులో కొట్టుకునే స్ప్రే ఉంది. అయితే ట్రిప్టాన్లు రక్తనాళాల్ని సన్నబరుస్తాయి. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు వీటిని వాడకూడదు.

ఎర్గోటమైన్ పాతకాలపు మందు. అదీ రక్తనాళాల్ని సన్నబరుస్తుంది, వికారం పెంచుతుంది, గర్భిణులు ముట్టకూడదు. ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల లోపు దీన్ని వేసుకోకూడదు. నన్నడిగితే ట్రిప్టాన్ వాడగలిగినవాళ్ళకి దీని అవసరం లేదు.

ఏ మాత్రైనా సరే, నొప్పి చిన్నగా ఉన్నప్పుడే వేసుకోవాలి. "ఇంకాస్త చూద్దాం, తగ్గిపోతుందేమో" అని మూడు గంటలు ఓర్చుకుని వేసుకునే మాత్ర సగం వృథా. ఈ విషయంలో మన ఆడవాళ్ళ ఓర్పు మనకే శత్రువు.

త్వరగా వేసుకోమన్నానని తరచుగా వేసుకోవద్దు. నా పదిహేడు రోజుల కథ ఇక్కడే ఉంది. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు లేదా అంతకు మించి, ట్రిప్టాన్లూ ఎర్గోటమైన్లూ కలగలుపు మాత్రలూ 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. పొద్దున్నే తలనొప్పితో లేవడం, మాత్రతో తగ్గడం, దాని ప్రభావం పోగానే మళ్ళీ రావడం. నేను దాన్ని జబ్బు ముదిరిందనుకున్నాను. ఆపిన మొదటి రెండు వారాలు నరకమే, అబద్ధం చెప్పను. డాక్టరు అండతో, నొప్పి రాకుండా రోజూ వేసుకునే నివారణ మందు మొదలుపెట్టి, ఆ షాపు మాత్రలు ఆపాను. మూడో నెలకి పదిహేడు కాస్తా ఎనిమిది అయింది.

రోజూ వేసుకునే మందులు: మీకున్న రెండో జబ్బుని బట్టి

నెలకి నాలుగు రోజులు లేదా అంతకంటే ఎక్కువ నొప్పి ఉంటే, లేదా తక్కువసార్లు వచ్చినా మంచాన పడేస్తుంటే నివారణ మందు గురించి డాక్టరుని మీరే అడగండి. నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి. దీని లక్ష్యం తలనొప్పి అసలు రాకుండా చేయడం కాదు, రోజులు సగానికి తగ్గించడం. ఇది ముందే తెలియక చాలామంది "నెల వాడాను, మళ్ళీ వచ్చింది, మానేశాను" అంటారు. సరైన మోతాదులో రెండు మూడు నెలలు వాడితే గానీ తేలదు. అది తేల్చేది కూడా మీ డైరీలోని అంకెలే.

ఇక ఏది అన్నది మీకు మైగ్రేన్‌తో పాటు ఇంకేముందో చూసి ఎంచుకుంటారు. బీపీ ఉన్నవాళ్ళకి ప్రొప్రనొలాల్ గానీ క్యాండెసార్టాన్ గానీ ఒకే మాత్రతో రెండు పనులు చేస్తుంది. ఆస్తమా ఉంటే ప్రొప్రనొలాల్ వద్దు. నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళకి, మెడా భుజాలూ పట్టేసేవాళ్ళకి, మనసు దిగులుగా ఉండేవాళ్ళకి రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ బాగుంటుంది. నాకు ఇచ్చింది అదే. నోరు ఎండుతుంది, పొద్దున కాస్త మత్తు, కొందరికి బరువు పెరుగుతుంది. "ఇది డిప్రెషన్ మందంట కదా, నాకు పిచ్చా?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. మైగ్రేన్‌కి వాడే మోతాదు తక్కువ, ఉద్దేశం వేరు.

ఫ్లునారిజిన్ మన దగ్గర చాలా ఎక్కువగా రాస్తారు. సన్నగా ఉండి, నిద్ర తక్కువైనవాళ్ళకి ఫర్వాలేదు. బరువు పెంచుతుంది, మత్తు తెస్తుంది. ఇదివరకు డిప్రెషన్ వచ్చినవాళ్ళకీ, చేతులు వణికే పెద్దవాళ్ళకీ మంచిది కాదు. ఇది ఏళ్ళ తరబడి అలవాటుగా మింగే మందు కాదు. ఎన్ని నెలలు అని రాసినరోజే అడగండి.

టోపిరమేట్ దీనికి ఎదురు, బరువు తగ్గిస్తుంది. లావుగా ఉన్నవాళ్ళకి అది లాభమే. వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, మాట్లాడుతుంటే మాట దొరకదు. పాఠాలు చెప్పేవాళ్ళకీ, లెక్కలు చూసే నాలాంటివాళ్ళకీ ఇది ఇబ్బందే. మన ఊళ్ళవాళ్ళకి ఇంకో హెచ్చరిక. ఇది చెమట తగ్గిస్తుంది, కిడ్నీలో రాళ్ళు రావడానికి దారి తీస్తుంది. రోహిణి కార్తెలో విజయవాడలో తిరిగేవాళ్ళు ఇది వాడుతుంటే నీళ్ళ సీసా పక్కనుండాలి, ఎండలో జాగ్రత్తగా ఉండాలి. రాళ్ళ చరిత్ర ఉంటే ముందే చెప్పాలి.

పెళ్ళీడు ఆడపిల్లలున్న తల్లులు, పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు ఇది మనసులో పెట్టుకోండి: వాల్‌ప్రొయేట్ (ఇదీ నివారణకి రాసే మందే), టోపిరమేట్ రెండూ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. "పెళ్ళి కాలేదుగా" అని డాక్టరు అనుకోవచ్చు, మీరు నోరు విప్పి చెప్పండి.

ఇవన్నీ పాత మందులు, జెనెరిక్‌లో దొరుకుతాయి, చాలావరకు జన ఔషధి కేంద్రాల్లో తక్కువ ధరకే వస్తాయి. ఖరీదైనది కాదు కాబట్టి పనిచేయదన్న అనుమానం పెట్టుకోవద్దు.

ఇంజెక్షన్ల దాకా ఎప్పుడు వెళ్ళాలి

రెండు రకాలున్నాయి. ఒకటి బొటాక్స్. నుదురు, కణతలు, తల వెనక, మెడ, భుజాల్లో 31 చోట్ల చిన్న సూదులతో 155 యూనిట్లు, 12 వారాలకొకసారి. మూడు నెలలకు మించి, నెలకి 15 రోజులో అంతకు మించో తలనొప్పి ఉన్నవాళ్ళకి మాత్రమే అమెరికాలో 2010లో దీన్ని ఆమోదించారు. నెలకి ఆరు రోజుల మనిషికి ఇది పనిచేస్తుందని రుజువు లేదు, ఎవరైనా ఆశపెట్టినా ఒప్పుకోవద్దు.

రెండోది, మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు. ఎరెనుమాబ్ అలాంటిది, నెలకొకటి, చర్మం కింద వేసుకునేది. ఇది మన దేశానికీ వచ్చింది. ఖర్చు నెలకి వేలల్లో. మరి దీని బలం ఎంత? 955 మందితో జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళలో సరిగ్గా సగం మందికి తలనొప్పి రోజులు సగానికి సగం తగ్గాయి. మందు లేని ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 26.6 శాతం మందికి అంతే తగ్గాయి. అంటే ఇది మంచి మందే, కానీ మంత్రం కాదు. మలబద్ధకం రావచ్చు, బీపీ చూసుకోవాలి. దీనికి అప్పు చేసేముందు పాత నివారణ మందులు రెండైనా సరైన మోతాదులో, సరైన కాలం వాడి చూశారా అన్నది తేల్చుకోండి. నాకు తెలిసిన ఒకావిడ నాలుగు మందులు "పనిచేయలేదు" అంది. అడిగితే ఒక్కోటీ వాడింది పదిహేను రోజులే.

అదే సీజీఆర్‌పీ దారిని మూసే గెపాంట్ మాత్రలు కూడా ఉన్నాయి. రిమెజెపాంట్ నాలుక మీద కరిగేది. అవి రక్తనాళాల్ని సన్నబరచవు. అందుకని ట్రిప్టాన్ పడనివాళ్ళు వీటి గురించి డాక్టరుని అడిగి చూడొచ్చు.

శొంఠి, బామ్, యోగా, ఉపవాసం

మా అత్తగారు ఇప్పటికీ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తారు. "మాత్రలెందుకే అమ్మాయ్, పట్టు వేసుకుని పడుకో" అంటారు. పట్టు వేసుకుంటే హాయిగా ఉంటుంది, కాదనను. ఇరాన్‌లో వంద మందిపై చేసిన ఒక ప్రయోగంలో 250 మిల్లీగ్రాముల అల్లం పొడి మింగినవాళ్ళకి సుమాట్రిప్టాన్ వేసుకున్నవాళ్ళకి దాదాపు సమానంగా నొప్పి తగ్గిందని 2014లో రాశారు. అది మింగిన పొడి, నుదుటి మీద పట్టు కాదు. చిన్న ప్రయోగం కూడా. మాత్రకి బదులుగా కాకుండా, వికారానికి తోడుగా అల్లం టీ తాగడంలో తప్పులేదు.

బామ్ అంటే మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం గుర్తొస్తుంది. తలనొప్పికి బామ్ రాసుకోవడం మనకి అమ్మమ్మల నుంచి వచ్చిన అలవాటు. తల పట్టేసే మామూలు నొప్పికి అది ఊరట. మైగ్రేన్‌లో మాత్రం కొందరికి ఏ ఘాటు వాసనైనా పడదు. మీకు పడుతుందో లేదో డైరీ చెబుతుంది.

యోగాకి మంచి సాక్ష్యం ఉంది, అదీ మన దేశంలోదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులు వాడుతున్నవాళ్ళనే రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి యోగా కూడా నేర్పారు. 114 మంది చివరి దాకా ఉన్నారు. మూడు నెలల్లో యోగా గుంపులో తలనొప్పులు దాదాపు సగానికి తగ్గాయి, మందులు మాత్రమే వాడినవాళ్ళలో తగ్గింది పన్నెండు శాతం. 2020లో ఈ ఫలితాలు ప్రచురించారు. మందు మానేసి యోగా చేసినవాళ్ళు కాదు వీళ్ళు, మందుతో పాటు చేసినవాళ్ళు. ఆ తేడా మర్చిపోవద్దు.

నిద్ర, తిండి వేళలు తప్పడం చాలామందికి నొప్పిని లేపుతుంది. నాకు కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే దీపాల వేళకి కణత అదరడం మొదలయ్యేది. ఇప్పుడు పాలూ పళ్ళూ వేళకి తీసుకుంటున్నాను. సీజన్‌లో యార్డు వైపు మిర్చి ఘాటు, మే నెల ఎండ, పెళ్ళిలో బ్యాండు, రాత్రి రెండింటి దాకా మేలుకోవడం, వీటిలో ఒక్కటైతే ఓర్చుకుంటాను, రెండు కలిస్తే పడతాను. నెలసరికి ముందు రెండు రోజులూ ఇంకా జాగ్రత్త. మీవి వేరేగా ఉండొచ్చు. కాఫీ, చాక్లెట్, పెరుగు అన్నీ ఒకేసారి మానేసి బాధపడే కంటే రాసుకుని చూడటం మేలు.

ఎక్కడికి వెళ్ళాలి

నెలకి ఒకటి రెండు రోజులు, మాత్రకి తగ్గేదైతే మీ ఫ్యామిలీ డాక్టరు చాలు. నాలుగు దాటితే, లేదా మాత్రల లెక్క పదికి చేరితే న్యూరాలజిస్టు కావాలి. ప్రైవేటులో విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట వీధులు మనకి తెలిసినవే. త్వరగా చూస్తారు, ఫీజు ఉంటుంది. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ న్యూరాలజీ విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడాలి. తలనొప్పి మనిషికి ఆ లైను కష్టమే, చల్లద్దాలూ నీళ్ళూ మాత్రా దగ్గర పెట్టుకుని, నొప్పి లేని రోజు చూసుకుని వెళ్ళండి. దీర్ఘకాలం వాడాల్సిన మనిషికి, ఖర్చు ఆలోచించే మనిషికి నేను బోధనాసుపత్రినే చెబుతాను. ఇంకో కారణం కూడా ఉంది, అది పరిశోధన.

పరిశోధనకి మనం ఇవ్వగలిగింది

సీజీఆర్‌పీ అనే పదార్థం మైగ్రేన్‌లో పాత్రధారి అని ఎలా తెలిసింది? నొప్పితో ఉన్న రోగులు, ఆ నొప్పిలోనే, మెడ దగ్గరి సిర నుంచి రక్తం ఇచ్చారు. అందులో అది పెరిగిందని 1990లో రాశారు. అక్కడి నుంచి 2018లో మొదటి ఇంజెక్షన్‌కి అమెరికాలో ఆమోదం వచ్చే దాకా 28 ఏళ్ళు. ఆ పని చేసిన లార్స్ ఎడ్విన్‌సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మోస్కోవిట్జ్, యెస్ ఓలెసన్‌లకి 2021లో మెదడు పరిశోధనకి ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. నాకు మాత్రం ఆ రక్తం ఇచ్చిన పేరు తెలియని రోగులే కళ్ళముందు మెదులుతారు. కళ్ళు తెరవలేని ఆ స్థితిలో సూదికి మెడ అందించారు.

2022లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో లక్షా రెండు వేల మంది మైగ్రేన్ రోగుల సమాచారం చూసి 123 జన్యు స్థానాలు గుర్తించారు. ఆ రోగులు యూరప్ మూలాలవాళ్ళు. మనవాళ్ళు ఆ లెక్కలో లేరు. జబ్బు మాత్రం మనకి తక్కువేమీ లేదు. పక్కనున్న కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి 2,329 మందిని అడిగితే, ఏడాది కాలంలో నలుగురిలో ఒకరికి మైగ్రేన్ ఉందని తేలింది. ఆ ఇళ్ళవాళ్ళు తలుపు తీసి జవాబు చెప్పారు కాబట్టే ఈ అంకె మనకి ఉంది.

సాయపడే దారుల్ని కూడా పోల్చుకోవాలి. అన్నిటికంటే తేలికది, బోధనాసుపత్రి ఓపీలో పీజీ విద్యార్థి ప్రశ్నల కాగితంతో వస్తే విసుక్కోకుండా జవాబివ్వడం. వాళ్ళు థీసిస్ రాయాలి, దానికి రోగులు కావాలి. మీకు పోయేది అరగంట. నెల డైరీ చేతిలో ఉంటే మీ జవాబు ఊహ కాకుండా లెక్క అవుతుంది.

రెండోది మందు ప్రయోగంలో చేరడం. ఇది పెద్ద నిర్ణయం. మీకు ఉత్త మాత్ర పడవచ్చు, అది మీకూ డాక్టరుకీ కూడా తెలియకపోవచ్చు. తరచుగా ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణుల్ని సాధారణంగా తీసుకోరు. కొత్త మందు ముందే దొరుకుతుందన్న ఆశ ఒక్కటే అయితే చేరొద్దని నా సలహా. పాత మందులు సరిగ్గా వాడి చూసి, ఇంకా రోజులు తగ్గక, నెలకోసారి వెళ్ళే ఓపిక ఉన్నవాళ్ళకి ఇది తగిన దారి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రయోగాల్ని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ రిజిస్ట్రీని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2007లో మొదలుపెట్టింది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మైగ్రేన్ అని వెతికితే ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో ఏం జరుగుతోందో, ఇంకా మనుషుల్ని తీసుకుంటున్నారో లేదో కనిపిస్తుంది. చాలా నివారణ మందుల ప్రయోగాల్లో మందు మొదలుపెట్టేముందు నాలుగు వారాల డైరీ రాయిస్తారు. నొప్పి లేచినప్పుడు వేసుకునే మందుల ప్రయోగాల్లో, మాత్ర వేసుకున్న రెండు గంటలకి నొప్పి పూర్తిగా పోయిందా లేదా అన్నది ముఖ్యమైన కొలత. మీ డైరీలో కూడా ఆ రెండు గంటల గడి పెట్టుకోండి. తేదీ, మొదలైన వేళ, మాత్ర పేరు, వేసుకున్న వేళ, రెండు గంటలకి ఎలా ఉంది, నెలసరి రోజా కాదా. ఆరు గడులు. డాక్టరుకీ అదే కావాలి, పరిశోధనకీ అదే కావాలి.

మూడోది డబ్బు. ఇచ్చే స్తోమత ఉంటే, ఏ సంస్థకి ఇస్తున్నారో దాని పరిశోధన విభాగానికే వెళ్తుందని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకుని ఇవ్వండి. ఫోన్లో వచ్చే విన్నపాలకి పంపొద్దు. మన జిల్లాల్లో ఉన్నవాళ్ళకి నేనైతే డబ్బు కంటే సమయమే ఎక్కువ విలువైనదంటాను.

ప్రయోగానికి సంతకం పెట్టేముందు సమాచార పత్రం తెలుగులో ఇవ్వమని అడగండి, ఇంటికి తీసుకెళ్ళి ఇంట్లోవాళ్ళతో చదివించుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, రిజిస్ట్రీ నంబరు ఎంత, నొప్పి ఎక్కువైతే వేసుకోవడానికి ఏ మాత్ర అనుమతిస్తారు అని అడగండి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నందుకు మీ మామూలు వైద్యం ఆగకూడదు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం మన దేశపు కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనల్లో ఉన్నాయి. పరిశోధనలో ఉన్న మందుకి మిమ్మల్నే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి. సంతకం పెట్టిన కాగితం కాపీ ఒకటి అడిగి తీసుకుని, ఆ డైరీ పుస్తకంలోనే మడిచి పెట్టుకోండి.